ట్రాంబోన్ మౌత్‌పీస్: పెదవికి తగిన కొలత ఏది?

పెళ్లి ఊరేగింపు ముందు బ్యాండు మేళం నడుస్తుంటే వీధివారందరూ గుమ్మాలలోకి వస్తారు. ఆ మేళంలో గొట్టాన్ని ముందుకూ వెనుకకూ జరుపుతూ గంభీరస్వరం పలికించే వాద్యమే ట్రాంబోన్. వంశపారంపర్యంగా మేళం నడిపే ఇళ్లలో పెద్దలు వాయించిన వాద్యమే పిల్లల చేతికి వస్తుంది. దానితోపాటు పెద్దల మౌత్‌పీస్ కూడా వస్తుంది. చిక్కు అక్కడే మొదలు కావచ్చు. నెలల తరబడి సాధన చేసినా పైస్వరాలు పలకక, పెదవులు వాచి, “ఈ విద్య నాకు అబ్బదు” అని కుర్రవాడు వాద్యాన్ని మూలన పెడతాడు. లోపం వానిలో కాక, పెదవికీ వాద్యానికీ నడుమనున్న ఆ చిన్న లోహపు గిన్నెలో ఉందేమో ముందుగా చూడవలసి ఉంటుంది.

దాని పని ఏమిటి?

ట్రాంబోన్‌లో స్వరం పుట్టేది పెదవులలోనే. పెదవుల కంపనాన్ని సుమారు 9 అడుగుల గొట్టంలోని గాలి నాదంగా మారుస్తుంది. మౌత్‌పీస్‌లో నాలుగు భాగాలను గుర్తించాలి. పెదవికి ఆనే అంచు, లోపలి గిన్నె, గిన్నె అడుగున ఉండే సన్నని రంధ్రం, వాద్యంలోకి దూరే తొడిమ. గిన్నె వెడల్పు పెదవి శ్రమను, లోతు నాదపు స్వభావాన్ని నిర్ణయిస్తాయి. లోతు తక్కువైతే నాదం పదునుగా ఉంటుంది, పైస్వరాలు సులువుగా అందుతాయి. లోతు ఎక్కువైతే నాదం నిండుగా, మంద్రంగా ఉంటుంది.

మొదట తొడిమ

తొడిమలలో ముఖ్యంగా చిన్నది, పెద్దది అని రెండు రకాలున్నాయి. చిన్న బోరు వాద్యాలకు చిన్న తొడిమ, పెద్ద బోరు వాద్యాలకు పెద్ద తొడిమ వాడతారు. పెద్ద తొడిమ చిన్న వాద్యంలో దిగదు. చిన్న తొడిమ పెద్ద వాద్యంలో వదులై ఊగుతుంది, శ్రుతి చెడుతుంది. కనుక కొనబోయేటప్పుడు వాద్యాన్ని వెంట తీసుకొని వెళ్లడమే క్షేమం.

అంకెల తికమక

1918లో న్యూయార్కులో మౌత్‌పీస్‌ల తయారీ ప్రారంభించిన విన్సెంట్ బాక్ పద్ధతిలో అంకె చిన్నదైన కొద్దీ గిన్నె పెద్దది. యమహా పద్ధతి దీనికి విరుద్ధం; అంకె పెరిగితే గిన్నె పెరుగుతుంది. బాక్ 12సి గిన్నె వెడల్పు సుమారు 24.5 మిల్లీమీటర్లు, 6½ఎఎల్ 25.4, 4జి సుమారు 26. తేడా ఒకటిన్నర మిల్లీమీటరే అయినా పెదవికి అది చాలా పెద్ద తేడా. యమహా 48 కొలత 6½ఎఎల్‌కు దగ్గరగా ఉంటుంది.

ఎవరికి ఏది?

కొత్తగా నేర్చుకొనే పిల్లలకు 12సి, కొంత బలం వచ్చిన పిమ్మట 6½ఎఎల్ వంటి మధ్యమ కొలత సాధారణంగా అనుకూలం. గంటల తరబడి నడుస్తూ ఆరుబయట వాయించేవారికి మరీ లోతైన గిన్నె భారమవుతుంది. లావు పెదవులకు పెద్ద గిన్నె, సన్నని పెదవులకు చిన్న గిన్నె అనే మాట నియమం కాదు. పళ్ల అమరిక, పెదవి బలం, ఊపిరి, వాయించే సంగీతం అన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

గిన్నె మరీ పెద్దదైతే నాదం చెదురుతుంది, పైస్వరాలు శ్రుతి తగ్గుతాయి, పెదవి త్వరగా అలసిపోతుంది. మరీ చిన్నదైతే నాదం పలచబడుతుంది, కింది స్వరాలు నిండుగా పలకవు.

పరీక్షించే విధం

కొత్త మౌత్‌పీస్‌ను అయిదు నిమిషాలలో నిర్ణయించరాదు. ఒకే వాద్యంపై ఒకే పాటను పాతదానితోనూ కొత్తదానితోనూ వాయించాలి. మెల్లగా, గట్టిగా, కింది స్వరాల నుండి పైకి పోవాలి. వాయించేవాని చెవికి ఒకలాగా, దూరాన ఉన్నవానికి మరొకలాగా వినిపిస్తుంది కాబట్టి ఇరవై అడుగుల దూరంలో ఒకరిని నిలబెట్టి వినిపించాలి. అరగంట తరువాత పెదవి ఎలా ఉందో గమనించాలి. కొన్న తరువాత కనీసం రెండు మూడు వారాలు దానితోనే సాధన చేయాలి. తరచుగా మారిస్తే పెదవికి ఏదీ అలవాటు కాదు.

పాతది వాడదలచితే పూత పోయిందేమో, తొడిమ చివర నొక్కుకొని గుండ్రదనం చెడిందేమో చూడాలి. పూత పోయిన ఇత్తడి కొందరి పెదవులకు దురద కలిగిస్తుంది. గోరువెచ్చని సబ్బునీటితో తరచుగా కడగాలి. ఒకరిది మరొకరు వాడరాదు. ఇరుక్కుపోతే సుత్తితో కొట్టక, మరమ్మతు చేసేవారికి చూపాలి.

తగిన కొలత సాధనకు బదులు కాజాలదు. అయితే చేసిన సాధన వృథా కాకుండా అది కాపాడుతుంది. పిల్లవానికి విద్య రాదని తీర్పు చెప్పే ముందు, వాని చేతిలోని మౌత్‌పీస్‌ను ఒకసారి తిప్పి, దాని మీది అంకె చదివి చూడండి.