ఎర్ర గడ్డానికి తొందర రంగు వద్దు

మామిడి కోతలప్పుడు ఆగిరిపల్లి పెద్దాయన ఒకరు గడ్డం కింద పొక్కులతో వచ్చారు. ‘సొన పడిందేమో డాక్టరుగారూ’ అన్నారు. కాదు. ఏటా గోరింటాకు పెట్టే గడ్డానికి ఈసారి పది నిమిషాల్లో పండే ప్యాకెట్ పొడి పెట్టారు. ‘గడ్డం తీసేయాలా?’ అన్నదే ఆయన దిగులు. అక్కర్లేదు, ఆ పొడి మానేస్తే చాలన్నాను.

గోరింటాకులోని లాసోన్ పండటానికి గంటలు పడుతుంది. నిమిషాల్లో పండే పొడుల్లో పీపీడీ రసాయనం ఉండొచ్చు. దాని అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు చదవండి. మోచేతి మడతలో కొద్దిగా రాసి 48 గంటలు చూడండి. దురద, వాపు వస్తే వాడొద్దు. ఇదివరకే పడనివారు పరీక్షకైనా రాయొద్దు. కడిగాక గడ్డం పొడిబారకుండా కొబ్బరినూనె రాయండి. ముఖం వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆస్పత్రికి రండి.