తొమ్మిదిమంది కోసం పదమూడేళ్ళు

2011 మార్చి 30న సుప్రీం కోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక పన్ను వివాదాన్ని తొమ్మిదిమంది న్యాయమూర్తులకు నివేదించింది. ఆ తొమ్మిదిమంది ఒకచోట కూర్చొని వాదనలు వినడం మొదలుపెట్టింది 2024 ఫిబ్రవరి 27న. విన్నది ఎనిమిది రోజులు. వినడానికి పట్టినవి పదమూడేళ్ళు.

వివాదం పైకి చూస్తే సామాన్యమైనదే. గని తవ్వుకొనేవాడు ఆ ఖనిజానికి హక్కుదారుకు టన్నుకింత అని చెల్లించే మొత్తాన్ని రాయల్టీ అంటారు. ఇది పన్నా, కాదా? మామిడితోటను గుత్తకు తీసుకొన్నవాడు యజమానికిచ్చే పైకాన్ని ఎవరూ పన్ను అనరు. కాని గనుల విషయంలో ఆ హక్కుదారు చాలాచోట్ల రాష్ట్ర ప్రభుత్వమే. రాయల్టీ రేటు నిర్ణయించేది మాత్రం 1957 నాటి గనుల చట్టం ప్రకారం కేంద్రం. రాయల్టీయే పన్నయితే, దానిపైన మరో పన్ను వేయడానికి రాష్ట్రాలకు అధికారం ఉండదని కంపెనీల వాదన. కాకపోతే, ఖనిజాలున్న భూమి మీద, ఖనిజ హక్కుల మీద పన్ను వేసుకొనే దారి రాష్ట్రాలకు తెరుచుకొంటుంది.

దీనికి మూలం తమిళనాడులో ఉంది. అక్కడి 1958 నాటి పంచాయతీల చట్టం భూమిశిస్తులో రూపాయికి 45 పైసల చొప్పున స్థానిక సెస్సు విధించింది. తరువాత చేసిన సవరణతో ‘భూమిశిస్తు’ అన్న మాటలోకి రాయల్టీ కూడా వచ్చి చేరింది. సున్నపురాయి తవ్వుకొంటున్న ఇండియా సిమెంట్స్ సంస్థ దీన్ని సవాలు చేసింది. 1989లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాయల్టీ పన్నేనని, దానిమీద సెస్సు చెల్లదని తీర్పు చెప్పింది. అప్పటికే వసూలైన సొమ్ము మాత్రం వాపసు చేయనక్కరలేదన్నది. ఇటువంటి సెస్సులు వేసుకొన్న రాష్ట్రాలు ఇంకా ఉన్నాయి. 1991 ఏప్రిల్ 4 వరకు జరిగిన వసూళ్ళకు రక్షణగా పార్లమెంటు 1992లో ఒక చట్టం చేయవలసి వచ్చింది. ఆ చట్టపు షెడ్యూలులో 1975 నాటి ఆంధ్రప్రదేశ్ ఖనిజ హక్కుల పన్ను చట్టం కూడా కనిపిస్తుంది.

అసలు చిక్కు 2004లో వచ్చింది. పశ్చిమ బెంగాల్ విధించిన సెస్సుల వ్యాజ్యంలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 4:1 మెజారిటీతో, 1989 తీర్పులో టైపు పొరపాటు దొర్లిందని అభిప్రాయపడింది. ‘రాయల్టీ పన్నే’ అని అచ్చయినచోట ‘రాయల్టీపై సెస్సు పన్నే’ అని ఉండాలట. ఒక చిన్న మాట జారిపోవడం వల్ల పదిహేనేళ్ళపాటు దేశమంతా తప్పుగా చదువుకొన్నదన్నమాట! పొరపాటు నిజమే అయినా, ఏడుగురు చెప్పినదాన్ని ఐదుగురు దిద్దగలరా? దిద్దలేరని కంపెనీలు, అది దిద్దుబాటు కాదు, వివరణ మాత్రమేనని రాష్ట్రాలు వాదించాయి. చేతిలో రెండు తీర్పులు. ఎవరికి అనుకూలమైనది వారు చూపుకోవచ్చు. 2011లో తొమ్మిదిమందికి నివేదించడానికి కారణం ఇదే.

ఆనాడు సుప్రీం కోర్టులో న్యాయమూర్తుల పదవులు మొత్తం 31. తొమ్మిదిమందిని ఒకే వ్యాజ్యానికి కూర్చోబెడితే మిగిలిన ధర్మాసనాల పని కుంటుపడుతుంది. ఇది సబబైన కారణమే, కాని పూర్తి కారణం కాదు. ఈ నడుమనే, 2016లో ప్రవేశ పన్ను వ్యాజ్యాన్ని, 2017లో వ్యక్తిగత గోప్యత వ్యాజ్యాన్ని తొమ్మిదేసిమంది కూర్చొని తేల్చారు. గనుల వ్యాజ్యానికి మాత్రం వంతు రాలేదు. నివేదించిన ధర్మాసనానికి నాయకత్వం వహించిన ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా 2012లో పదవీవిరమణ చేశారు. ఆయనకూ, చివరకు వాదనలు విన్న డి.వై. చంద్రచూడ్‌కూ నడుమ పదకొండుమంది ఆ పీఠం అధిష్ఠించి దిగిపోయారు. వారిలో తెలుగువారైన ఎన్.వి. రమణ ఒకరు.

ఈలోగా దేశపటమే మారిపోయింది. వ్యాజ్యానికి పేరిచ్చిన ధన్‌బాద్ ఖనిజ ప్రాంతాభివృద్ధి సంస్థ వేసిన పన్నును 1994లో పాట్నా హైకోర్టు కొట్టివేసినప్పుడు ధన్‌బాద్ బీహారులో ఉండేది. 2000లో జార్ఖండ్‌లోకి వెళ్ళింది. 2014లో ఆంధ్రప్రదేశ్ విభజన జరిగి, సింగరేణి బొగ్గు ఒక రాష్ట్రానికి, కడప సున్నపురాయి ఇంకొక రాష్ట్రానికి దక్కాయి. తీర్పు మాత్రం రాలేదు.

నిరీక్షణ అంటే ఊరకే కూర్చోవడం కాదు. 2006లో టన్ను బొగ్గు అమ్మిన సంస్థ ఆనాటి ధరకే అమ్మింది. పన్ను కట్టక తప్పదని పదిహేనేళ్ళ తరువాత తేలితే, ఆ భారాన్ని ఆనాటి కొనుగోలుదారు వద్దకు వెళ్ళి అడగలేదు. రాష్ట్రం సంగతీ అంతే. రావచ్చు, రాకపోవచ్చు అన్న సొమ్మును బడ్జెట్టులో చూపి గనుల పక్కన ఉన్న ఊరికి రోడ్డు వేయలేదు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడని సామెత. ఇక్కడ తీర్పుకు ముందే ఇరువురికీ ఆ వంతు వచ్చింది.

2024 జులై 25న తీర్పు వెలువడింది. ఎనిమిదిమంది న్యాయమూర్తులు రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలదేనని, పార్లమెంటు కావాలనుకొంటే దానికి హద్దులు విధించవచ్చునని చెప్పారు. 1989 తీర్పు పక్కకు తప్పుకొన్నది. జస్టిస్ బి.వి. నాగరత్న ఒక్కరే విభేదించారు. రాయల్టీ పన్ను స్వభావం కలదేనని, రాష్ట్రాలకు ఇంతటి స్వేచ్ఛ ఇస్తే వాటి మధ్య అనారోగ్యకరమైన పోటీ పెరుగుతుందని ఆమె అభిప్రాయం.

అంతటితో ముగియలేదు. మరి జరిగిపోయిన కాలానికి బాకీ ఎవరిది? తీర్పు ఇకమీదట మాత్రమే వర్తించాలని కేంద్రమూ కంపెనీలూ, వెనుకటికీ వర్తించాలని రాష్ట్రాలూ కోరాయి. ఆలస్యానికే విడిగా ఒక తీర్పు చెప్పవలసి వచ్చిందన్నమాట. అది ఆగస్టు 14న వచ్చింది. 2005 ఏప్రిల్ 1కి ముందరి లావాదేవీలపై పన్ను అడగరాదు. ఆ తరువాతి వాటిపై అడగవచ్చు. జులై 25కి ముందు కాలపు డిమాండ్లపై వడ్డీ, జరిమానా రద్దు. బాకీని 2026 ఏప్రిల్ 1తో ఆరంభమయ్యే సంవత్సరం నుంచి 12 ఏళ్ళలో వాయిదాలుగా చెల్లించవచ్చు.

ఆ లెక్కన, 2005లో తవ్విన రాయికి పన్ను తుది వాయిదా చెల్లించేది 2038 మార్చి నాటికి.