వైరస్ కూర్పులో కణత్వచం పాత్ర

ఆస్పరి, ఆదోని ప్రాంతాల గొర్రెల కాపరులకు పారుడు రోగం (పి.పి.ఆర్.) కొత్తది కాదు. దీన్ని కలిగించే ఆర్.ఎన్.ఎ. వైరస్ మార్బిల్లివైరస్ ప్రజాతికి చెందినది. ఈ వైరస్ తన పైపొరను స్వయంగా తయారుచేసుకోలేదు. గొర్రె కణం నుంచే తీసుకుంటుంది. అది ఎలాగో తెలుసుకుందాం.

వైరస్ ప్రోటీన్లలో హెచ్, ఎఫ్ అనేవి కణత్వచంలో నాటుకొని బయటికి పొడుచుకువస్తాయి. ఎమ్ అనే మాత్రిక ప్రోటీన్ త్వచం లోపలి తలానికి అంటుకొని, వరుసగా పేరుకుంటుంది. ఇది ఒకవైపు హెచ్, ఎఫ్‌లను, మరోవైపు ప్రోటీన్ తొడుగున్న ఆర్.ఎన్.ఎ.ను ఒకచోట చేరుస్తుంది. అక్కడ త్వచం బయటికి వంగి మొగ్గలా ఉబ్బుతుంది. మొగ్గ మెడ సన్నబడి తెగగానే కొత్త వైరస్ విడుదలవుతుంది. దీన్నే కోరకీభవనం అంటారు.

ఈ పైపొరలో ఉన్నది కొవ్వు పదార్థం కాబట్టి సబ్బు దాన్ని కరిగిస్తుంది. వేడి దానిలోని ప్రోటీన్లను చెడగొడుతుంది. అవి చెడితే వైరస్ మరో కణంలోకి ప్రవేశించలేదు. పి.పి.ఆర్. టీకాలో ఉండేది బలహీనపరచిన సజీవ వైరసే. కాబట్టి మంద దగ్గరికి చేరేదాకా టీకాను చల్లగా ఉంచాలి. దారిలో వేడెక్కిన టీకా వేసినా గొర్రెకు రక్షణ ఉండదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఎమ్ ప్రోటీన్ లోపిస్తే పై దశల్లో ఏది ఆగిపోతుంది? ఎందుకు?