పాప మామిడిపండును ఎందుకు గోకింది?

పిల్లలూ! మీ ఇంట్లో 9 నెలల చెల్లాయో తమ్ముడో ఉంటే ఈ పత్రికను వాళ్ళకు చిక్కకుండా దాచుకోవటం మీకు అలవాటే. పేజీలో మామిడిపండు కనిపించిందా, పాప దాన్ని గోకుతుంది, తడుముతుంది, గుప్పిట పట్టి పైకి లాగబోతుంది. కాగితం పర్రున చిరుగుతుంది. “చూడమ్మా, నా పుస్తకం చింపేసింది!” అని మీరు ఏడుస్తారు. పాపం, దానికి చింపాలని లేదు. దానికి కావలసింది పండు.

అంటే పాప బొమ్మను గుర్తుపట్టిందన్న మాట. ఎవరు నేర్పారు?

అమెరికాలో హోక్‌బర్గ్, బ్రూక్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక వింత ప్రయోగం చేశారు. ఒక పిల్లవాణ్ణి 19 నెలలు వచ్చేదాకా వీలైనంతవరకు బొమ్మలు చూడనీయకుండా పెంచారు. పేర్లన్నీ అసలు వస్తువులను చూపే నేర్పారు. (బొమ్మల పుస్తకం లేని ఇల్లు! తలుచుకుంటే జాలివేస్తుంది.) ఆ తరవాత బూటు, తాళంచెవి, కారు వంటివాటిని ఉత్త గీతలతో గీసి చూపితే, వాడు చాలావాటికి పేర్లు చెప్పేశాడు. 1962లో ఈ సంగతి అచ్చయింది.

అయితే, బొమ్మలో ఉన్నదేమిటో తెలియటం వేరు. బొమ్మ అంటే ఏమిటో తెలియటం వేరు. ఆ రెండోది నిదానంగా వస్తుంది. 1998లో అచ్చయిన మరొక పరిశోధనలో 9 నెలల పాపల ముందు రంగు ఫోటోల పుస్తకం పెట్టారు. అందరూ మీ చెల్లాయిలాగే చేశారు. అమెరికా పిల్లలూ అంతే, ఆఫ్రికాలోని ఐవరీ కోస్టు పల్లె పిల్లలూ అంతే. పోనీ, వాళ్ళకు తేడా తెలియదా అంటే తెలుసు. వస్తువునూ దాని ఫోటోనూ పక్కపక్కన పెడితే వస్తువు మీదికే చెయ్యి చాస్తారు. కంటికేమో పండు, చేతికేమో చదును! ఈ చిక్కు విప్పాలంటే తడిమి చూడటం తప్ప పాపకు వేరే దారేముంది? పైగా మన భాషలో చేతబట్టి ఆడుకునేదీ బొమ్మే, కాగితం మీద గీసినదీ బొమ్మే!

19 నెలలకు గోకటం పోయి, వేలు పెట్టి చూపటం వస్తుంది. అందాకా, అమ్మలూ, ఒక పాత పత్రిక పాపకే ఇచ్చి పక్కన కూచోండి.

తరవాత కూడా తమాషా ఉన్నది. ఏడాదిన్నర పిల్లలు పుస్తకం తలకిందులుగా ఉన్నా పట్టించుకోరు. ఏనుగు కాళ్ళు ఆకాశానికి ఉన్నా సరే, “ఏనుగు!” అనేసి పేజీ తిప్పేస్తారు.