కెమెరా పంజాగుట్ట వైపు తిప్పితే

హైదరాబాద్ ఫొటో అనగానే అందరికీ చార్మినార్, గోల్కొండే గుర్తొస్తాయి. వాటి అందానికి వంక పెట్టలేం. కానీ ఈ ఊరు ఎలా పెరిగిందో ఫొటోల్లో చూపాలంటే పంజాగుట్ట, అమీర్‌పేట, యూసుఫ్‌గూడ వైపే రావాలి. గుట్ట మీది ఎర్రమంజిల్‌నే తీసుకోండి. నవాబు ఫఖ్రుల్ ముల్క్ ఐరోపా శైలిలో కట్టించిన మహలు అది. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలని 2019లో ప్రభుత్వం నిర్ణయిస్తే, అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. పెచ్చులూడిన గోడల మీద ఏటవాలు ఎండ పడినప్పుడు సున్నపు నగిషీలు ఒక్కొక్కటిగా తేలతాయి. శిథిలమైందని దాన్ని వదిలేయకూడదు, ఈ స్థితిని నమోదు చేయడం ఇప్పుడే అవసరం.

వైర్లు, ఫ్లెక్సీలు, జనం అడ్డొస్తారని కొందరి అభ్యంతరం. నిజమే, యూసుఫ్‌గూడ దగ్గరి కృష్ణకాంత్ పార్కులో పొద్దున్నే దొరికే చెట్ల నీడ, ఖాళీ బాట అమీర్‌పేటలో దొరకవు. అయితే అక్కడ రెండు మెట్రో మార్గాలు ఒకదానిపై ఒకటి దాటుతాయి. కింద కోచింగ్ సెంటర్ల బోర్డులు, పుస్తకాల సంచులతో ఉద్యోగాల కోసం వచ్చిన కుర్రకారు. వాళ్లను తప్పించి తీస్తే అది ఏ ఊరి వంతెనైనా కావచ్చు, వాళ్లుంటేనే అమీర్‌పేట.