పెట్టెలోని పాత చీరే పండుగ జత: ఇంట్లోనే బట్టలు మార్చి కుట్టుకోవడం ఎలా?

షాబాన్ నెల సగం దాటిందంటే ఇంటింటా ఒక లెక్క మొదలవుతుంది. ఎవరికి ఎన్ని జతలు, గుడ్డకెంత, కుట్టుకూలి ఎంత? రంజాన్ సగం కాకముందే చాలామంది టైలర్లు "ఇక ఆర్డర్లు తీసుకోం" అని చెప్పేస్తారు. ఇచ్చిన బట్టలు కూడా చాంద్ రాత్ వరకూ చేతికి రావు. ఇబాదత్‌లో గడవాల్సిన ఆఖరి పది రోజులు కాస్తా బజారుకూ టైలర్ షాపుకూ మధ్య తిరగడంలోనే పోతాయి.

పోనీ రెడీమేడ్ కొందామంటే అక్కడ ఇంకో ఇబ్బంది. ధర నచ్చితే చేతులు పొట్టి. చేతులు సరిపోతే మెడ వెడల్పు. అన్నీ బాగున్నాయనుకుంటే గుడ్డ పల్చన, లేదా పక్కన ఉండే చాక్, అంటే స్లిట్, నడుము దాకా వచ్చేస్తుంది. తమకు కావలసినట్టు నిండుగా ఉండే జత కోసం ఎక్కువ డబ్బు పెట్టాలి, లేదంటే నచ్చనిదాంతో సర్దుకోవాలి. చాలా ఇళ్లలో ఆడపిల్లలు పడే ఇబ్బంది ఇదే.

దీనికి ఇంట్లోనే ఒక దారి ఉంది. అయితే కుట్టు నేర్చుకోవడం అనగానే కొత్త గుడ్డ కొని, కొత్త డ్రెస్ కత్తిరించడమే అనుకుంటారు. మొదటిసారి కత్తిరింపు తప్పితే గుడ్డ పాడవుతుంది, భయం పట్టుకుంటుంది, మిషన్ మూలన పడుతుంది. నిజానికి ఇంటి కుట్టు మొదలుపెట్టాల్సింది కొత్త గుడ్డతో కాదు, బీరువాలో ఉన్న పాత బట్టతో. ఉన్నదాన్ని విప్పి, చూసి, మార్చి కుట్టడంలోనే సగం విద్య వచ్చేస్తుంది.

మిషన్ కన్నా ముందు కావలసినవి

కాలితో తొక్కే పాత నల్ల మిషన్ ఉన్నా చాలు. మోటారు, డిజైన్ల మిషన్ అవసరం లేదు. ఇంచి టేపు, గుడ్డకు మాత్రమే వాడే కత్తెర, టైలర్ చాక్, గుండుసూదులు, కుట్లు విప్పే రిప్పర్, ఇస్త్రీ పెట్టె ఉండాలి. సగం మంది పట్టించుకోనిది సూది. జార్జెట్, షిఫాన్, పల్చని పట్టుకు 11 నంబర్ సూది వేయాలి. మామూలు కాటన్‌కు 14, జీన్స్ వంటి మందమైన గుడ్డకు 16 వాడాలి. పల్చని గుడ్డ మీద లావు సూది వేస్తే చిల్లులు పడతాయి. మొద్దుబారిన సూది పోగులు లాగేస్తుంది. దారం మాటిమాటికీ తెగినా, కుట్టు తప్పినా మిషన్ చెడిందని అనుకోకముందు సూది మార్చి చూడాలి. షటిల్ దగ్గర పేరుకున్న దుమ్ము తుడిచి రెండు చుక్కల నూనె వేస్తే చాలా మిషన్లు మళ్లీ దారిలోకి వస్తాయి.

కొలత మనిషి మీద కాదు, బట్ట మీద

కొత్తగా నేర్చుకునేవారికి మనిషికి టేపు పెట్టి కొలవడం కష్టం. టేపు కాస్త బిగిస్తే డ్రెస్ బిగువవుతుంది. తేలిక మార్గం ఏమిటంటే, చక్కగా సరిపోయే పాత కుర్తా ఒకటి తీసుకుని ఇస్త్రీ చేసి, నిలువుగా సగానికి మడిచి పాత న్యూస్‌పేపర్ మీద పరచాలి. భుజం, చంక, పక్కలు, ఘేరు అంచు వెంబడి పెన్సిల్‌తో గీయాలి. పక్కలకు 1 అంగుళం, భుజానికీ చంకకూ అర అంగుళం, కింద మడతకు ఒకటిన్నర అంగుళం వదిలి కత్తిరిస్తే ఆ మనిషికి సరిపోయే నమూనా సిద్ధం. దాని మీద పేరు, తేదీ రాసి దాచుకుంటే వచ్చే పండుగకూ పనికొస్తుంది.

ఒంటి కొలత నుంచే కుట్టాలంటే ఛాతీ చుట్టుకొలతకు 3 నుంచి 4 అంగుళాలు వదులు కలపాలి. లోపల వదిలే గుడ్డలో పిసినారితనం పనికిరాదు. ఈ ఏడాది వదిలిన ఆ అంగుళమే రెండేళ్ల తర్వాత పిల్ల పెరిగినప్పుడు విప్పుకోవడానికి ఉంటుంది. రెడీమేడ్ బట్టల్లో చాలావాటికి లేనిదీ అదే.

రెడీమేడ్ కుర్తీని నిండుగా మార్చడం

*చేతులు పొట్టిగా ఉంటే:* చేతులు లేని కుర్తీలకు చాలాసార్లు లోపల చేతి ముక్కలు టాకా వేసి ఉంటాయి. ముందు అవి వెతకాలి. పొడవు చాలకపోతే పాత చీర అంచుగానీ, సల్వార్ గుడ్డగానీ పట్టీగా కత్తిరించి చేతి చివర కలపాలి. అదే పట్టీ మెడ దగ్గరో, కింద ఘేరు దగ్గరో ఇంకోసారి కనిపించేలా వేస్తే, అతుకులా కాకుండా డిజైన్‌లా ఉంటుంది. ఒకే ఒకచోట కనిపించే గుడ్డ అతుకు అనిపిస్తుంది, మూడుచోట్ల కనిపిస్తే అందం అనిపిస్తుంది.

*చంక బిగువుగా ఉంటే:* చంక కింద చిన్న నలుపలకల ముక్క కలపాలి. పాత దర్జీలు దీన్ని చౌబగ్లా అనేవారు. 3 అంగుళాల ముక్క వేసినా చెయ్యి హాయిగా పైకి లేస్తుంది, నమాజులో ఇబ్బంది ఉండదు.

*చాక్ ఎక్కువగా ఉంటే:* గుడ్డలో వదులుంటే కిందివరకూ కుట్టేయవచ్చు. కానీ పూర్తిగా మూసేస్తే నడకకు అడ్డం పడుతుంది. పైన సన్నగా, కింద 6 నుంచి 8 అంగుళాల వెడల్పుతో త్రికోణపు కలీ వేస్తే ఒళ్లు కనిపించదు, అడుగు వేయడానికి చోటుంటుంది.

*గుడ్డ పల్చగా ఉంటే:* మెత్తని కాటన్ లైనింగ్ వేయాలి. లైనింగ్‌ను ముందు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. కింద లైనింగ్ పైగుడ్డ కన్నా ఒక అంగుళం తక్కువ ఉండాలి, అప్పుడు బయటికి కనిపించదు.

చీర నుంచి పొడుగు ఫ్రాక్: లెక్క ఇదీ

పెట్టెలో మడతపెట్టి ఉన్న చీర అన్నింటికన్నా ఉపయోగపడే గుడ్డ. చీర సుమారు ఐదున్నర మీటర్ల పొడవు, 44 అంగుళాల వెడల్పు ఉంటుంది. అంచు పోకుండా ఫ్రాక్ కుట్టాలంటే చీర వెడల్పునే ఘేరు పొడవుగా వాడుకోవాలి. అప్పుడు అంచు సరిగ్గా పాదాల దగ్గరికి వస్తుంది.

ఛాతీ కింద, యోక్ కలిసేచోట చుట్టుకొలత వదులుతో కలిపి 36 అంగుళాలు అనుకుందాం. జార్జెట్, షిఫాన్ వంటి జారే గుడ్డకు దానికి మూడింతలు, అంటే 108 అంగుళాలు కావాలి. ఇది సుమారు 2.75 మీటర్లు. పట్టులా బిరుసుగా ఉండే గుడ్డకు రెండింతలు, 72 అంగుళాలు చాలు. ఎక్కువ పెడితే నడుము దగ్గర ఉబ్బుగా కనిపిస్తుంది. పట్టుకు కుచ్చుల కన్నా ప్లీట్లే నప్పుతాయి. యోక్ భుజం నుంచి 14 అంగుళాలు, ఘేరు 40 అంగుళాలు పెడితే మొత్తం 54 అంగుళాల పొడుగు ఫ్రాక్ అవుతుంది. జార్జెట్ చీర అయినా సగం గుడ్డ మిగులుతుంది. అందులో యోక్, నిండు చేతులు పోగా ఒక స్కార్ఫ్‌కో, చిన్నపాప ఫ్రాక్‌కో సరిపోతుంది.

కుచ్చులు సమానంగా రావడానికి మిషన్ కుట్టు పొడవు పెద్దది చేసి, పై అంచున పావు అంగుళం ఎడంతో రెండు వరసలు వేయాలి. తర్వాత బాబిన్ వైపు దారాలు రెండూ కలిపి మెల్లగా లాగాలి. గుడ్డను ముందే నాలుగు భాగాలుగా గుర్తుపెట్టి, యోక్‌ను కూడా అలాగే గుర్తుపెట్టి, గుర్తుకు గుర్తు కలిపితే కుచ్చులన్నీ ఒకవైపే పోగుపడవు. కచ్చా కుట్టు వేసి ఒకసారి తొడిగి చూశాకే అసలు కుట్టు వేయాలి.

కత్తెర పెట్టేముందు

చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. పట్టు మడతల దగ్గరే ముందు చిట్లుతుంది. రెండు చేతులతో మెల్లగా లాగితే పోగులు విడిపోయే చోట చంక, భుజం, పక్కల ముక్కలు కత్తిరించకూడదు. అలాంటి గుడ్డను వెనక కాటన్ వేసి, ఒత్తిడి పడనిచోట మాత్రమే వాడాలి. అసలైన వెండి జరీ చీరలను పాత చీరలు కొనేవాళ్లు మంచి ధరకే తీసుకుంటారు. కాబట్టి అలాంటిదాని విలువ కనుక్కున్నాకే కత్తిరించాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. రంగు దిగుతుందేమో తెలియాలంటే తడి తెల్లగుడ్డతో లోపలి అంచున రుద్ది చూస్తే చాలు.

ఇంకో సంగతి. మగవారికి స్వచ్ఛమైన పట్టు ధర్మసమ్మతం కాదు కాబట్టి పట్టుచీర ముక్కలతో అబ్బాయికి కుర్తా కుట్టాలనుకునేవారు ఆగాలి. మష్రూ గుడ్డ పుట్టింది ఈ నియమం నుంచే. అందులో పైకి పట్టు మెరుపు కనిపిస్తుంది, ఒంటికి తగిలే వైపు నూలు ఉంటుంది. పేరుకు అర్థం కూడా షరీఅత్ అనుమతించినదనే. అబ్బాయిల కుర్తాకు నాన్న పాత తెల్ల కుర్తా మంచి గుడ్డ. కాలర్, మణికట్టు దగ్గర అరిగినా వెన్ను భాగం గట్టిగానే ఉంటుంది. వెన్ను ముక్క, ముందు కింది భాగం కలిపితే ఐదారేళ్ల బాబుకు కుర్తా వచ్చేస్తుంది.

నానీమా కాలం నాటి ఖడా దుపట్టా ఉన్న ఇళ్లలో మరింత జాగ్రత్త కావాలి. ఆరు గజాల ఆ దుపట్టా గుడ్డ చివికిపోయినా దాని గోటా, కార్‌చోబీ పని చాలాసార్లు బాగానే ఉంటుంది. పైనుంచి పీకకుండా, వెనకవైపు టాకాలు ఒక్కొక్కటే కోసి అంచును విడదీసి, కొత్త నెట్ మీద చేతికుట్టుతో వేసుకోవచ్చు. అలా మనవరాలి నికాహ్‌కు నానీమా అంచు వస్తుంది. అంగట్లో ఎంత పెట్టినా అది దొరకదు.

వెలిసిన అబాయాలు కూడా పారేయాల్సిన పనిలేదు. ముందు భాగం వెలిసినా వెన్ను గుడ్డ నల్లగానే ఉంటే పిల్లకు చిన్న అబాయా, లోపల తొడిగే చేతులు, నమాజు దుపట్టా వస్తాయి. ఈ గుడ్డల్లో చాలావరకు పాలిస్టరే కాబట్టి ఇస్త్రీ వేడి తగ్గించి, పైన కాటన్ గుడ్డ పరిచి చేయాలి. లేకపోతే మెరుపు మచ్చలు పడతాయి. చివరికి మిగిలిన ముక్కలకు జానమాజ్ సంచి, టోపీ, బొంత ఉండనే ఉన్నాయి.

ఏది టైలర్‌కే ఇవ్వాలి?

అన్నీ ఇంట్లోనే చేయాలని పంతం అక్కర్లేదు. షేర్వానీ, కోటు, బరువైన జర్దోజీ పని ఉన్న పెళ్లిజత ఏళ్ల అనుభవం ఉన్న దర్జీ చేతిలోనే బాగుంటాయి. ఇంట్లో కుట్టినవారికే ఆ చేతిపని విలువ, ఆ కూలి ఎందుకంత అన్నది బాగా అర్థమవుతుంది.

ఇంటి కుట్టు ఉచితం కాదు

మార్చి కుట్టడం వచ్చిన ఇంటికి చుట్టుపక్కల పని దానంతట అదే వస్తుంది. పొడవు తగ్గించడం, చేతులు కలపడం, జిప్ మార్చడం వంటి చిన్న పనులు రద్దీగా ఉన్న టైలర్లు తీసుకోరు. అవసరం మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. అయితే "ఇంట్లో ఉండేదేగా బాజీ, కాస్త కుట్టిపెట్టు" అనే మాటతోనే చాలామంది శ్రమ లెక్కలేకుండా పోతుంది. దారం, కరెంటు, పట్టిన గంటలు రాసుకుని, ఏ పనికి ఎంతో ముందే చెప్పడం మొహమాటపడాల్సిన విషయం కాదు. బీదవారికి ఉచితంగా కుట్టిపెట్టాలనుకుంటే అది వేరే పుణ్యం. ఆ నిర్ణయం కుట్టేవారిదే అయ్యుండాలి.

ఈ పనిని వృత్తిగా చేసుకోవాలనుకునేవారికి 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది. ఎంపికైనవారికి శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, పూచీకత్తు లేకుండా మొదటి విడతలో లక్ష రూపాయల వరకు రుణం ఇస్తారు. కుటుంబంలో ఒకరికే అవకాశం. కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు కామన్ సర్వీస్ సెంటర్‌లో కనుక్కోవాలి.

అబ్బాయిలకూ నేర్పాలి

సూది, దారం అనగానే అమ్మాయి వైపు చూడటం అలవాటైపోయింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, తమ బట్టలు తామే కుట్టుకునేవారు, చెప్పులు తామే బాగుచేసుకునేవారు అని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్టు హదీసు గ్రంథాల్లో ఉంది. హాస్టల్లో చదివే కొడుకైనా, గల్ఫ్‌లో ఒంటరిగా ఉండే తమ్ముడైనా ఊడిన బొత్తాం కుట్టుకోవడం, ప్యాంటు కింద మడత వేసుకోవడం తెలిసి ఉండాలి.

మొదలుపెట్టడానికి రంజాన్ దాకా ఆగనక్కర్లేదు. ఈ వారం ఒక పాత కుర్తా పక్క కుట్లు విప్పి, ఎలా కలిపారో చూసి, మళ్లీ కుట్టాలి. వచ్చే వారం ఒక చేతికి పట్టీ కలపాలి. నెల తిరిగేసరికి చీర మీద కత్తెర పెట్టే ధైర్యం వస్తుంది. అప్పుడు షాబాన్ లెక్కలో కుట్టుకూలి వరస చిన్నదవుతుంది, ఆఖరి పది రోజులు ఇంటికే మిగులుతాయి.