వయోజనుల శరీరంలోని కొవ్వు కొలత: డెక్సా పద్ధతి, తెలుగు గ్రామాల నేపథ్యం

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని ఉప్మాక వంటి గ్రామంలో వయోజనుల స్థూలకాయాన్ని అంచనా కట్టాలంటే ఆధారం తూనిక యంత్రం, ఎత్తు కొలిచే పట్టీ, నడుముకు చుట్టే టేపు మాత్రమే. 164 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు గల వ్యక్తి శరీర ద్రవ్యరాశి సూచిక 22.3. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 2004లో ఆసియా ప్రజలకు సూచించిన 23 అనే హద్దుకు ఇది లోపలే ఉంది. అయితే ఆ 60 కిలోలలో కొవ్వు ఎంతో ఈ సూచిక చెప్పలేదు.

ఈ లోపాన్ని పుణెకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యులు 2004లో లాన్సెట్ పత్రికలో తమ శరీరాలనే ఉదాహరణగా చూపి నిరూపించారు. ఇద్దరి సూచికా 22.3. డెక్సా పరీక్షలో యుడ్కిన్ కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ కొవ్వు 21.2 శాతం. పై 60 కిలోల మనిషికి అన్వయిస్తే ఈ తేడా సుమారు 7 కిలోలు.

డెక్సా అంటే రెండు భిన్న శక్తులు గల ఎక్స్-కిరణాలను శరీరం గుండా పంపి, అవి ఎంత క్షీణించాయో కొలిచే పద్ధతి. తక్కువ శక్తి కిరణాల క్షీణత పదార్థంలోని పరమాణువుల స్వభావాన్ని బట్టి బాగా మారుతుంది. కార్బన్, హైడ్రోజన్ అధికంగా గల కొవ్వు వాటిని తక్కువగా ఆపుతుంది. కాల్షియం గల ఎముక చాలా ఎక్కువగా ఆపుతుంది. 40, 70 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద రెండు క్షీణతల నిష్పత్తి కొవ్వుకు సుమారు 1.2, ఇతర మృదుకణజాలానికి సుమారు 1.4. ప్రతి బిందువు వద్ద లభించిన నిష్పత్తి ఈ రెండింటి మధ్య ఎక్కడుందో చూసి కొవ్వు పాలును గణిస్తారు.

చిక్కు ఇక్కడే ఉంది. రెండు కొలతలతో రెండు తెలియని రాశులనే సాధించగలం. ఎముక ఉన్న బిందువుల వద్ద రాశులు మూడు. అక్కడి కొవ్వును పక్కనున్న ఎముకలేని బిందువుల నుండి ఊహిస్తారు. ఛాతీ, తల భాగాలలో ఈ ఊహ పాత్ర పెద్దది. కొవ్వేతర కణజాలంలో నీరు సుమారు 73 శాతమన్నది మరో భావన. యంత్రం మారితే ఫలితమూ కొంత మారుతుంది. కనుక ఒకే వ్యక్తిలో మార్పును గమనించేటప్పుడు యంత్రాన్ని మార్చరాదు. కిరణ మోతాదు మాత్రం స్వల్పం, కొన్ని మైక్రోసీవర్టులే. అయినా గర్భిణులకు ఈ పరీక్ష చేయరు.

తెలుగు నేలపై దీనికి చక్కని ఉదాహరణ హైదరాబాద్ సమీప గ్రామాలలోని అధ్యయనం. 1987–90లో 15 గ్రామాల గర్భిణులకు, చిన్నారులకు అనుబంధాహారం అందించి, మరో 14 గ్రామాలతో పోల్చారు. 2009–12 మధ్య జరిగిన తదుపరి దశల్లో, పెరిగి పెద్దవారైన ఆ పిల్లలను, వారి కుటుంబాలను జాతీయ పోషకాహార సంస్థలో డెక్సాతో పరీక్షించారు. ఆ కొలతలను ప్రామాణికంగా తీసుకొని భారతి కులకర్ణి బృందం బరువు, ఎత్తు, చుట్టుకొలతలు, చర్మపు మడతల మందం వంటి సులభ కొలతల నుండి కొవ్వేతర ద్రవ్యరాశిని అంచనా వేసే సమీకరణాలను 2013లో ప్రకటించింది. స్త్రీ పురుషులకు వేర్వేరు సమీకరణాలు అవసరమయ్యాయి.

స్కానర్ లేని ఉప్మాకకు ఇవి ఉపకరించవచ్చు. కాని తెలంగాణ పల్లెల శరీరాల నుండి పుట్టిన సూత్రం ఉత్తరాంధ్ర తీరానికి వర్తిస్తుందని ముందే నమ్మరాదు. స్థానికులలో కొందరినైనా డెక్సాతో పరీక్షించి, ఆ తేడాను సరిచూసిన పిదపనే దానిని విస్తృతంగా వాడడం యుక్తం.